అనుమానం దుకాణానిది, మొహం మాది

షోరూంలో నాలుగైదు వేలు పెట్టి బట్టలు కొని, బిల్లు కట్టి, రెండు చేతుల్లో కవర్లతో బయటికొస్తుంటే గేటు దగ్గర ఒకడు చెయ్యి అడ్డం పెట్టి "సార్, బిల్లు" అంటాడు. మీకు ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. డబ్బు కట్టించుకుంది వాళ్ళ మనిషే, కాగితం ఇచ్చింది వాళ్ళ మెషీనే, మళ్ళీ పది అడుగులు వెయ్యగానే దాన్ని చూపించమనడమేంటి, నేనేమన్నా దొంగలా కనబడుతున్నానా అని. ఆ కోపం తప్పని నేననను. అది ఎవరి మీద పడుతోందన్నదే నా గొడవ, ఎందుకంటే కొన్నేళ్ళు కూకట్‌పల్లిలో ఒక పెద్ద బట్టల షోరూం గేటు దగ్గర అలా చెయ్యి అడ్డం పెట్టింది నేనే.

నేను చెప్పదలుచుకుంది ఒక్కటే. దుకాణానికి మీ మీద అనుమానం ఉంటుంది. అదేం పెద్ద పాపం కాదు, లక్షల సరుకు జనం చేతికందేలా పరిచి పెట్టినవాడికి ఆ మాత్రం బెంగ ఉండదా? కానీ ఆ అనుమానాన్ని తన మొహం మీద కనబడనివ్వడం దుకాణానికి ఇష్టం ఉండదు. లోపల "రండి మేడమ్, కూర్చోండి మేడమ్" అని మంచినీళ్ళిచ్చి, యాభై చీరలు విప్పి చూపించి, ఒక్కటీ కొనకపోయినా నవ్వుతూనే ఉండాలి కదా. అందుకని అనుమానించే పనిని బయటి మనిషికి అప్పజెబుతుంది. ఆ మనిషి కంపెనీ రోల్స్‌లో ఉండడు. ఏజెన్సీ మనిషి. బట్టల రంగు వేరు, జేబు మీద పేరు వేరు. గొడవ ముదిరితే పైనుంచి ఫ్లోర్ మేనేజర్ దిగొచ్చి "సారీ సార్, వీళ్ళకేం తెలీదు సార్, సెక్యూరిటీ వాళ్ళు" అంటాడు. పొద్దున మీటింగ్‌లో "ఒక్క కవర్ కూడా చెక్ కాకుండా పోవద్దు" అని అరిచింది ఈయనే. ఆ 'సారీ సార్' అనే వీలు కోసమే మమ్మల్ని పెట్టుకుంటారు, దొంగలూ గింగలూ తర్వాత సంగతి.

మాది అచ్చంపేట వైపు. డిగ్రీ మధ్యలో ఆగిపోతే మూసాపేటలో మా బావ వాళ్ళ రూంలో దిగాను. రూంలో ఉండే ఒకతను "రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్స్ పట్టుకుని రా, రేపట్నుంచే డ్యూటీ" అన్నాడు. నిజంగా రేపట్నుంచే! ఫీల్డ్ ఆఫీసర్ ఎగాదిగా చూశాడు, హిందీ వచ్చా అని అడిగాడు, యూనిఫాం, బూట్ల డబ్బులు మొదటి జీతాల్లో పట్టుకుంటాం అన్నాడు, అయిపోయింది. ట్రైనింగ్ ఒక్క పూట. సెల్యూట్ ఎలా కొట్టాలి, టోపీ ఎంత వంపులో ఉండాలి, ఓనర్ కారు వస్తే ఎటు పరిగెత్తాలి.

దీనికో చట్టం ఉందని నాకు చాలా రోజులకి తెలిసింది. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005. ఆ చట్టం కింద 2006లో కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్ ప్రకారం గార్డుకి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ ఉండాలి, అదీ కనీసం 20 పనిదినాల్లో. మాజీ సైనికులకీ, మాజీ పోలీసులకీ మాత్రం కొంత తగ్గింపు. ఆ సిలబస్ చదువుతుంటే మొదట నవ్వొచ్చింది. మంటలార్పడం, ప్రథమ చికిత్స, గుంపుని అదుపు చెయ్యడం, బాంబుని గుర్తుపట్టడం, స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ ఎలా ఇవ్వాలి, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు, ఆఖరికి పోలీసుల, మిలటరీ వాళ్ళ భుజాల మీది గుర్తులు చూసి ఎవరిది ఏ ర్యాంకో చెప్పడం కూడా. నాకు వచ్చిన ర్యాంకులు మూడే: సూపర్‌వైజర్, ఫీల్డ్ ఆఫీసర్, ఓనర్ గారి బామ్మర్ది.

అదే చట్టంలో యూనిఫాం గురించి కూడా ఒక సెక్షన్ ఉంది. మా బట్టలు సైన్యం, పోలీసుల బట్టల్లా కనిపిస్తే వేసుకున్న గార్డుకీ, ఏజెన్సీ యజమానికీ ఏడాది దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మరి షోరూం వాళ్ళు ఏజెన్సీని అడిగేదేంటి? భుజాల మీద పట్టీలు, ఛాతీ మీదుగా తాడు, దానికో విజిల్, నల్ల బూట్లు, "కొంచెం గంభీరంగా ఉండేవాళ్ళని పంపండి". చూడగానే పోలీసు గుర్తుకు రావాలి, కానీ పోలీసు చేసే పని ఒక్కటి కూడా చేసే అధికారం ఉండకూడదు. అలాంటి వేషం వేసి నిలబెట్టి, పన్నెండు గంటలు కదలకుండా ఉండమంటారు.

బయటికి పోయే దారిలో ట్యాగుల్ని పసిగట్టి కూసే మెషీన్ ఉంటుంది, దాన్నీ గేటనే అంటాం. ఆ గేటు మోగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం గొడవలు అక్కడే పుడతాయి. బట్టలకి రెండు రకాల ట్యాగులుంటాయి. ఒకటి పెద్ద ప్లాస్టిక్ బిళ్ళ, దాన్ని బిల్లింగ్ కౌంటర్లో అయస్కాంతం లాంటి దాని మీద పెట్టి ఊడబీకుతారు. రెండోది సన్నటి స్టిక్కర్ లాంటిది, దాన్ని కౌంటర్ మీదున్న ప్యాడ్‌కి సరిగ్గా ఆనించి చంపాలి, అంటే డీయాక్టివేట్ చెయ్యాలి. ఆషాఢం సేల్‌లో, మనిషి మీద మనిషి పడుతుంటే, బిల్లింగ్ కుర్రాడు గుట్టగా పడేసిన బట్టల్లోంచి ఒక్కోటి లాగి స్కాన్ చేసి కవర్లో తోస్తుంటాడు. అందులో ఒక స్టిక్కర్ ప్యాడ్‌కి సరిగ్గా ఆనదు. ఇంకోసారి ఎప్పుడో వేరే షాపులో కొన్న పర్సు అడుగున చావకుండా మిగిలిన స్టిక్కర్ మా గేటు దగ్గరికొచ్చి కూస్తుంది. ఒక్కోసారి ట్యాగులున్న స్టాండుని ఎవరో గేటుకి దగ్గరగా జరిపి ఉంటారు, దానికీ మోగుతుంది. మోగినప్పుడల్లా లోపలి తప్పేంటో ఎవరూ చూడరు. గేటులో ఉన్న మనిషి వైపు, ఆ మనిషి ముందు నిలబడ్డ నా వైపు చూస్తారు.

ఒక ఆదివారం సాయంత్రం ఒకావిడ, వెంట పదేళ్ళ పిల్లాడు. స్కూల్ తెరిచే రోజులు. రెండు షర్టులు, ఒక ప్యాంటు కొన్నారు, బిల్లు చేతిలోనే ఉంది. గేటు కూసింది. ఆవిణ్ణి మళ్ళీ నడిపించమన్నాడు సూపర్‌వైజర్, మళ్ళీ కూసింది. నేనేమీ అనలేదు, ఆవిడే గబగబా హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి మా టేబుల్ మీద బోర్లించేసింది. మందుల చీటీ, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, రబ్బర్‌బ్యాండ్ చుట్టిన చిల్లర, నలిగిన ఆర్టీసీ జీరో టికెట్లు నాలుగైదు, ఒక దువ్వెన. వెనక క్యూలో ఉన్నవాళ్ళంతా ఆ దువ్వెన వైపే చూస్తున్నట్టు అనిపించింది నాకు. పిల్లాడు అమ్మ కొంగు పట్టుకుని "అమ్మా, మనం ఏం తీస్కోలేదు కదా" అన్నాడు, గట్టిగా, అందరికీ వినబడేట్టు. తర్వాత చూస్తే ప్యాంటు నడుం పట్టీలో స్టిక్కర్ బతికే ఉంది. కౌంటర్లో ఆనించి తెచ్చాను, కూత ఆగింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. పై అంతస్తులో బిల్లింగ్ కుర్రాడికి ఇదంతా జరిగిందన్న సంగతే తెలీదు. వాడినీ అనడానికి లేదు, వాడి టార్గెట్లు వాడివి.

సరే, చట్టం ఏమంటుందో చూద్దాం. నిజంగా ఎవరో తీశారనుకోండి. పోలీసు కాని మనిషి ఇంకొకరిని పట్టి ఉంచాలంటే, 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 40 ప్రకారం, ఆ నేరం తన కళ్ళెదుట జరగాలి, అది కాగ్నిజబుల్ (పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చెయ్యగలది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకనిది) నేరం అయ్యుండాలి, పట్టుకున్న ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. పాత ఐపీసీలో దొంగతనం ఎంత చిన్నదైనా ఆ కోవలోకే వచ్చేది. దాని బదులు వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌లో సెక్షన్ 303 కింద 5,000 రూపాయల లోపు మామూలు దొంగతనం నాన్‌కాగ్నిజబుల్, బెయిలబుల్. మొదటిసారి శిక్ష పడేవాడు సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. ఆ లెక్కన రెండు వేల షర్టు తీసినవాణ్ణి పట్టుకునే హక్కు నాకు లేదు. ఆగండి, అయిపోలేదు. సరుకు భద్రపరిచే బిల్డింగ్ లోపల జరిగిన దొంగతనానికి సెక్షన్ 305 అని వేరే ఉంది, దానికి ఏడేళ్ళ దాకా శిక్ష. షోరూంలో షర్టు పోతే 303 పెట్టాలా 305 పెట్టాలా అన్నది పోలీసులు, లాయర్లు, జడ్జీలు తీరిగ్గా కూర్చుని తేల్చే విషయం. డిగ్రీ మధ్యలో ఆపినవాడు, చెప్పుల శబ్దం, పిల్లల ఏడుపు, మైకులో ఆఫర్ల మధ్య, మనిషి మెట్లు దిగేలోపు తేల్చాలట. పొరపాటు పడితే అక్రమంగా అడ్డగించాడని అదే బీఎన్‌ఎస్ సెక్షన్ 126, నిర్బంధించాడని సెక్షన్ 127 నా మీదే పడతాయి.

'కళ్ళెదుట' అన్న షరతు ఒక్కటి చాలు మా పని ఎంత గాల్లో ఉందో చెప్పడానికి. గేటు మోగితే నేను చూసినట్టు కాదు. పైన కెమెరా రూంలో ఎవరో చూసి వాకీటాకీలో "బ్లూ చుడీదార్, పట్టుకో" అంటే కూడా నేను చూసినట్టు కాదు. పైవాడు చూశాడు, కింద పట్టుకోవాల్సింది నేను, తేడా వస్తే స్టేషన్‌కి వెళ్ళేది కూడా నేను.

అందరినీ ఆపమని రూలు. అందరినీ ఆపడం కుదరదు, ముఖ్యంగా శని ఆదివారాలు. మరి ఎవర్ని ఆపాలి? దీని మీద కాగితం ఎక్కడా ఉండదు. "మొహాలు చూసి చెయ్యండి" అంటారు, అంతే. మొహాలు చూసి అంటే ఏంటో వారం తిరిగేసరికి నేర్చేసుకుంటాం, ఎవరూ నేర్పక్కర్లేదు. కారు తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చేవాణ్ణి ఆపం. ఆపితే అతను నేరుగా ఓనర్‌కి ఫోన్ చేస్తాడు. ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడుతూ నడిచే అమ్మాయిని ఆపం. ఖాకీ చొక్కా ఆటో అన్నని ఆపుతాం. ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, పండక్కి కూతురికి డ్రెస్ కొనడానికి వచ్చినవాళ్ళు, వాళ్ళని ఆపుతాం. కాలేజీ పిల్లలు గుంపుగా వస్తే గుంపంతా. రంజాన్ నెలలో బురఖాలో వచ్చే ఆడవాళ్ళ మీద లేడీ గార్డుని ప్రత్యేకంగా నిలబెట్టమన్న సూపర్‌వైజర్ని చూశాను, అదే నెలలో షోరూం ముందు ఈద్ ముబారక్ ఫ్లెక్సీ నిలువెత్తుది. డబ్బులు కావాలి, మనుషుల మీద నమ్మకం మాత్రం వద్దు. ఇది మేనేజర్ తన నోటితో కస్టమర్‌కి చెప్పగలడా? చెప్పలేడు. అందుకే మా చేత చెప్పిస్తాడు, మాటల్లో కాదు, చెయ్యి అడ్డం పెట్టడంలో. ఇంకో సంగతేంటంటే, మేం ఆపే మనుషులు అచ్చం మాలాంటి వాళ్ళే. డ్యూటీ దిగి, యూనిఫాం విప్పి, నా మామూలు చొక్కాతో అదే షోరూంకి కస్టమర్‌గా వెళ్తే నన్ను నేనే ఆపేవాణ్ణి.

ఎంట్రెన్స్ దగ్గర తనిఖీ వేరే లెక్క, దాన్నీ దీన్నీ కలపకండి. ఈ ఊళ్ళో 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే పబ్లిక్ సేఫ్టీ చట్టం తెచ్చారు, జనం ఎక్కువ చేరే చోట్ల సీసీ కెమెరాలు, లోపలికి వచ్చేటప్పుడు తనిఖీ ఏర్పాట్లు ఉండాలని. లోపలికి వచ్చేటప్పుడు బ్యాగ్ చూడటం అందరి ప్రాణాల కోసం, అక్కడ నన్ను ఎవరు తిట్టినా నేను నవ్వుకునేవాణ్ణి. బయటికి పోయేటప్పుడు కవర్లో చెయ్యి పెట్టడం దుకాణం లాభనష్టాల కోసం. రెండు చోట్లా అదే యూనిఫాం, అదే మనిషి కాబట్టి జనానికి తేడా తెలీదు. ఆ గందరగోళం దుకాణానికి బాగా పనికొస్తుంది.

కస్టమర్లకైనా నయం, మొహం మీద తిట్టి పోతారు. లోపల పనిచేసే పిల్లల సంగతి చూడాలి మీరు. పొద్దున డ్యూటీకి వచ్చేటప్పుడు మా టేబుల్ మీద రిజిస్టర్లో తమ దగ్గర ఎన్ని డబ్బులున్నాయో రాసి సంతకం పెట్టాలి. డెబ్బై రూపాయలు, నూట ఇరవై, నలభై. నెలాఖరులో ఆ కాలమ్ చదివితే ఎవరింట్లో ఏం జరుగుతోందో చెప్పొచ్చు. రాత్రి పది దాటాక షట్టర్ సగం దించి, సేల్స్ గర్ల్స్ అందరినీ వరసలో నిలబెడతారు. పొద్దున్నుంచి నిలబడ్డ కాళ్ళే. లేడీ గార్డు అక్క ఒక్కొక్కరి టిఫిన్ డబ్బా మూత తీయించి చూస్తుంది, బ్యాగ్ జిప్పు, చిన్న పర్సు, లోపల ప్యాడ్స్ పెట్టుకున్న కాగితం పొట్లం కూడా. తర్వాత ఒంటి మీద తడమడం. లాస్ట్ బస్సు పోతుందన్న టెన్షన్‌లో ఎవరూ ఎదురు మాట్లాడరు. ఆ అక్క ఒకసారి నాతో అంది, "తమ్మీ, మధ్యాహ్నం ఈ పిల్లతోనే కలిసి అన్నం తింటా, ఆమె తెచ్చిన పచ్చడే నా పళ్ళెంలో ఉంటది, రాత్రికి ఆమె డబ్బానే మూత తీసి చూస్తా, ఇదేం బతుకు" అని. క్యాషియర్లు, ఫ్లోర్ మేనేజర్లు ఆ వరసలో ఉండరు. అందరూ వెళ్ళాక మా సూపర్‌వైజర్ మా బ్యాగులు చూస్తాడు. సూపర్‌వైజర్ బ్యాగ్ ఎవరు చూస్తారని అడిగితే జవాబు రాలేదు.

ఇంత చేసినా ఏడాది చివర స్టాక్ లెక్కలో తేడా వస్తుంది. వస్తే ఎవరి మీద పడుతుంది? మా మీద. "మీ డ్యూటీలో పోయింది" అని ఏజెన్సీకి లెటర్, ఏజెన్సీ నుంచి జీతంలో కోత. ఇప్పుడు నేను మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో స్టాక్ పని చేస్తున్నాను, ఇవతలి నుంచి చూస్తే అర్థమవుతోంది. సరుకు పోవడానికి దారులు చాలా. కస్టమర్ తీయొచ్చు, స్టాఫ్ తీయొచ్చు. సప్లయర్ వంద అని రాసి తొంభై ఆరు పంపొచ్చు. ఒక డిజైన్ బార్‌కోడ్ ఇంకో డిజైన్‌కి అంటించి ఉండొచ్చు, రిటర్న్ వచ్చింది ఎంట్రీ చెయ్యకపోవచ్చు, రెండో బ్రాంచికి పంపింది ఇక్కడే ఉన్నట్టు చూపించొచ్చు. అసలు లోపలికే రాని చీరని గేటు దగ్గర గార్డు ఎలా ఆపుతాడు? కానీ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి తప్పు వెతకాలంటే ఓపిక కావాలి, గేటు దగ్గరున్నవాడిని అనాలంటే నోరుంటే చాలు.

దొంగలు లేరనడం లేదు. ఉన్నారు, నేను చూశాను. సేల్ రోజుల్లో నలుగురైదుగురు కలిసి వచ్చి, ఇద్దరు సేల్స్‌మన్‌ని మాటల్లో పెట్టి, ఇద్దరు చీర మీద చీర చుట్టుకుని వెళ్ళేవాళ్ళు ఉన్నారు. లోపల అల్యూమినియం రేకు అతికించిన బ్యాగులు తెచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు వెళ్తుంటే గేటు కూయనే కూయదు. చూశారా, అసలైన దొంగ దగ్గర ఆ గేటు నోరెత్తదు. అలాంటివాళ్ళని ఆపేది బిల్లు మీద మేం కొట్టే ముద్ర కాదు. ట్రయల్ రూం దగ్గర ఎన్ని లోపలికి పోయాయో ఎన్ని బయటికి వచ్చాయో లెక్కపెట్టే అమ్మాయి, ఫ్లోర్ మీద సరిపడా మనుషులు, లోపలికి రాగానే కళ్ళలోకి చూసి "నమస్తే అన్నా, ఏం కావాలి" అని పలకరించే మనిషి, ఆ పనులు చేస్తారు. మనల్ని ఎవరో గుర్తుపెట్టుకున్నారు అనిపిస్తే తీయాలని వచ్చినవాడు కూడా వెనక్కి తగ్గుతాడు. అంటే గార్డు పనికొచ్చేది ఎంట్రెన్స్ దగ్గర, పలకరిస్తూ, కదులుతూ ఉన్నప్పుడు. ఎగ్జిట్ దగ్గర బొమ్మలా నిలబడి కాగితాలకి చిల్లు పొడిచేటప్పుడు కాదు.

జీతం మాట ఎత్తకుండా ఉండలేను కానీ పొడిగించను. చేతికి 13 వేల చిల్లర వచ్చేది, పన్నెండు గంటల డ్యూటీకి. షాపుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 అని, పైన చేస్తే రెట్టింపు ఇవ్వాలని చెబుతుంది. మాకు ఆ పై నాలుగు గంటలు జీతంలోనే 'కలిసిపోయాయి'. ఈఎస్‌ఐకి, అంటే పనివాళ్ళ ఆరోగ్య బీమాకి, మా వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. పట్టుకోవడం కరెక్టుగా పట్టుకునేవాళ్ళు, కార్డు మాత్రం అడిగీ అడిగీ వచ్చింది. జీతం లేటయితే షోరూం ఏజెన్సీని చూపించేది, ఏజెన్సీ షోరూంని చూపించేది. కాంట్రాక్ట్ లేబర్ చట్టం 1970లోనే చెప్పింది, కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలని. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ప్రతి పనివాడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలంటున్నాయి. లెటర్ మీద ఎవరి పేరు ఉంటుందో చూడాలి. షోరూం పేరు మాత్రం ఉండదు, అది మీరూ నేనూ ఊహించగలం. ఉంటే 'వీళ్ళు మావాళ్ళు కాదు సార్' అనడం కుదరదు కదా.

ఇక కుర్చీ. కోజికోడ్ మిఠాయి వీధిలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో కేరళ తన షాపుల చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. కుర్చీ కోసం చట్టం! మా షోరూంలో కస్టమర్ల కోసం సోఫాలున్నాయి, భర్తలు కూర్చుని ఫోన్ చూసుకోవడానికి. గేటు దగ్గర స్టూలు పెడితే "లుక్ పోతుంది" అన్నారు. మాతో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు, అరవై దగ్గర పడ్డాయి. పిక్కల మీద నరాలు ఉబ్బి తాళ్ళలా తేలేవి, రాత్రి రూంలో గోడకి కాళ్ళు ఎత్తి పడుకునేవాడు. కుర్చీ ఇవ్వకపోవడానికి కారణం కుర్చీ ఖర్చు కాదు. కూర్చున్న మనిషి మామూలు మనిషిలా కనబడతాడు, ఇంటి ముందు అరుగు మీది పెద్దమనిషిలా. అలాంటి మనిషి చేత అనుమానపడే పని చేయించలేరు. నిలబెడితేనే అది కుదురుతుంది.

నా మాట వింటే దుకాణాలు చెయ్యాల్సింది పెద్ద కష్టమేం కాదు. బిల్లు చూసే పద్ధతి కావాలంటే గేటు దగ్గర తన పేరుతో, తన ముద్రతో, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టాలి: ఇక్కడ అందరి బిల్లులూ చూస్తాం, ఇది మా షోరూం నియమం, అభ్యంతరం ఉంటే ఫలానా నంబర్. చూస్తే అందరివీ చూడాలి, కుదరకపోతే ఎవరివీ చూడొద్దు. గేటు మోగితే కవర్ తియ్యాల్సింది షోరూం మనిషి, కస్టమర్ని పక్కన కూర్చోబెట్టి, కౌంటర్లోనే తప్పు ఉందేమో ముందు అక్కడ చూసి. రాత్రి వరసలో మేనేజర్ కూడా నిలబడాలి, అందరికంటే ముందు. స్టాక్ తేడా గార్డు జీతంలోంచి కొయ్యకూడదు. కస్టమర్లకి నేను చెప్పేది కూడా ఒకటుంది: మీకు కోపం వచ్చినప్పుడు అరవండి, కానీ "మేనేజర్ని పిలువు" అని అరవండి. ఆయన కిందికి దిగొచ్చి సారీ చెబితే ఊరుకోకండి. "ఈ చెకింగ్ చెయ్యమని చెప్పింది ఎవరు, మీరా కాదా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి, ఆ గార్డు ముందే వెయ్యండి.

ఇదంతా రాసి ఒక పాత మేనేజర్‌కి వాట్సాప్‌లో పంపాను, ఇప్పుడు వేరే చోట ఉన్నాడు, మంచివాడే. "నువ్వు చెప్పింది కరెక్టే కానీ తమ్ముడూ, మేనేజర్‌కి గేటు దగ్గర నిలబడే టైం ఎక్కడుంది?" అని జవాబిచ్చాడు. పన్నెండు గంటలు వద్దన్నా, రష్ టైంలో రెండు గంటలు నిలబడు చాలన్నాను. రెండో రోజుకల్లా కుర్చీ తనే తెప్పించుకుంటాడు, వారం తిరక్కుండా ఆ బిల్లు చూసే పద్ధతే ఎత్తేయిస్తాడు.